పచ్చ మల్లన్న

నిన్న ఇంటికి రంగు వేయడానికి వచ్చిన పెయింటర్ ముందటర్రలో, అంటే ముందు గదిలో, నిచ్చెన వేసుకుని గోడ గీకుతూ గీకుతూ ఆగిపోయాడు. గీకుడు ఆగిందంటే ఏదో చూశాడని నాకు అర్థం. "సారూ, గీ గూట్ల ఉన్న ప్లాస్టిక్ దేవున్ని ఎటు జరపాలె? ముట్టొచ్చునా?" అని అడిగాడు. స్నానం చేశావా అన్నాను. చేశానన్నాడు. అయితే రెండు చేతులతో ఎత్తు, మీసం పట్టుకుని మాత్రం ఎత్తకు, ఊడివస్తుంది అన్నాను. "ఏం దేవుడు సారూ?" అన్నాడు. మల్లన్న అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజం కింద ఇంకో నిజం ఉంది. అది చెబితే పెయింటర్ నిచ్చెన దిగి కూర్చుంటాడు, గోడ పని సాగదు. కాబట్టి మీకు చెబుతాను.

ముందు నా కళ్ల సంగతి. అవి ఎలా పోయాయని ఎవరైనా అడిగితే మనిషిని బట్టి కారణం చెబుతాను. పిల్లలు అడిగితే, అమ్రాబాద్ అడవిలో పెద్దపులితో రెప్ప వేయకుండా చూసే పందెం కాశాననీ, పులి ఓడిపోయి తలదించుకుని పోయింది గానీ నా చూపు కూడా దాని వెంటే పోయిందనీ చెబుతాను. బస్సులో పక్క సీటు ఆడవాళ్లు అడిగితే, పోచంపల్లిలో ఒక చీర కొంగు మీది చిలుకలను చూస్తూ చూస్తూ కళ్లు అక్కడే మరిచిపోయి వచ్చానంటాను. దవాఖానలో చెప్పింది మాత్రం ఒకటే: కంటి వెనక నరం ఎండిపోయిందని. అందులో కథ లేదు గనుక ఎవరికీ చెప్పను. చూపు ఒక్కరోజున పోలేదు. కిరాయికున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు ముందు మూలలు తీసుకుపోయింది, తర్వాత రంగులు, చివరికి మనుషుల ముఖాలు. పోతూ పోతూ దీపం ఆర్పి తలుపు దగ్గరికి వేసింది.

అప్పటిదాకా నకిరేకల్‌లో నిమ్మకాయలు ఏరే పని చేసేవాణ్ని. చూపు తగ్గుతున్నకొద్దీ నా వేళ్లు తెలివిమీరాయి. కాయను ఒకసారి బొటనవేలితో నొక్కితే తోలు ఎంత మందమో, రసం ఉందో లేదో చెప్పేవాణ్ని. ఏ తోటదో కూడా చెప్పేవాణ్ని, అది మాత్రం అబద్ధం. చూపు పూర్తిగా పోయాక మా అక్క వచ్చి నన్నూ, నా ట్రంకు పెట్టెనూ తన ఇంటికి తీసుకుపోయింది. తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. నకిరేకల్ దగ్గరి పల్లె. గొర్లు, కొంచెం పొలం ఉన్న ఇల్లు. ఇంట్లో అక్క, బావ, బావ తల్లి, వాళ్ల మధ్య నేను. బావ తల్లిని ఊరంతా అవ్వ అనేది, నేనూ అదే అనేవాణ్ని. రోడ్డు వైపున్న ముందటర్ర నాకిచ్చారు.

పట్నంలో ఉండే అక్క కూతురు ఒకసారి వచ్చినప్పుడు, తన కొడుకు ఆడి ఆడి విడిచిపెట్టిన ప్లాస్టిక్ ఇటుకలను బియ్యం సంచిలో తెచ్చి మూలకు పడేసి పోయింది. వేలి కణుపంత ముక్కలు కొన్ని, అగ్గిపెట్టెంత ముక్కలు కొన్ని, ఒక్కో రకానిది ఒక్కో రంగట. పైన బొడిపెలు, కింద గుంటలు. ఒకదాని బొడిపెల మీద ఇంకోదాన్ని పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటాయి. తోచక సంచిలో చెయ్యి పెట్టిన నాకు ఆ టక్కు వినబడింది. చాలాకాలం తర్వాత, నేను చేసిన పని సరిగా అయిందో లేదో పక్కవాళ్లను అడగకుండానే నాకు తెలిసింది. ఇక ఆగలేదు. ముక్కలను వేరువేరుగా పెట్టుకోవడానికి అక్క ఇడ్లీ ప్లేట్లు ఎత్తుకొచ్చాను. గుంటకో రకం. అంతకంటే మంచి ఏర్పాటు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఒక పొద్దున అవ్వ తింటున్న ఇడ్లీలో నాలుగు బొడిపెల ముక్క దొరికిన మాట నిజమే. "కోడలా, పప్పు రుబ్బినవా, రాళ్లు రుబ్బినవా?" అని అవ్వ అక్కను తిట్టింది. నేను సాంబారు తాగుతూ ఊరుకున్నాను.

మొదట గొర్రెను కట్టాను. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని తడిమింది. ఆమె కళ్లలో పువ్వు వేసి చూపు మసకగా ఉండేది, ఆపరేషన్ అంటే పారిపోయేది. "గిదేం జీవంరా కొడుకా, ఐదు కాళ్లున్నయి?" అంది. "అయిదోది తోకవ్వా" అన్నాను. "తోక భూమికి ఆనిందంటే బాగ మేసిందన్నట్టు" అని మెచ్చుకుంది. తర్వాత కుక్క, మోటారు పంపు, బావ మోటార్ సైకిల్. మనుషులను కట్టడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. వేలు ఆనని ముఖం కట్టలేం గనుక, ఇంటికొచ్చిన ప్రతివాణ్నీ "ఏమన్నా చిక్కినవా?" అని ప్రేమగా చెంపలు తడిమేవాణ్ని. ఊళ్లో నాకు మంచి మనసున్నవాడనే పేరు అలా వచ్చింది.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర బావ ప్రకటించాడు. "ముందటర్ర ఎరువుల దుకాణమాయనకు కిరాయికిస్తున్న. పున్నం పోయినంక బస్తాలు దింపుతడట. బామ్మర్దిని ఎనుకర్రకు జరుపుదాం." వెనకర్ర అంటే తవుడు బస్తాలు, పాత నాగలి, గొర్ల మందుల సీసాలు, వాటన్నిటికీ కాపలాగా ఒక తేలు. బావ చెడ్డవాడు కాదు. ఆ ఏడు బోర్లు ఎండిపోయి ఆయన బాధలో ఆయన ఉన్నాడు. కానీ నా సంగతి ఎవరికి చెప్పను? ముందటర్రలో నేను గుడ్డివాణ్ని కాను. ఏ గుంటలో ఏ ముక్క ఉందో, కిటికీ ఎక్కడో, పొద్దు ఏ గంటకు నా మోకాలి మీదికి వస్తుందో నాకు తెలుసు. వెనకర్రకు పోతే మొదటి రోజు నుంచి మళ్లీ గుడ్డితనం నేర్చుకోవాలి. అన్నం పెట్టే ఇంట్లో వాదించడానికి నోరు రాదు. వేళ్లకు మాత్రం ఆ మర్యాద తెలియదు. బావ బొమ్మనే కట్టి రోడ్డు వైపు కిటికీలో పెడదామనుకున్నాను. ఎరువుల దుకాణమాయన చూసి నవ్వాలి, ఊరు నవ్వాలి.

బావ ముఖంలో ముఖ్యమైనది మీసం. చెవులతో మాట్లాడటానికి పోతున్నట్టుండేది. ఎడమ కొన కొంచెం పొట్టి. ఒక పొట్టేలు గడ్డి అనుకుని నమిలిందని నేను ఊళ్లో ప్రచారం చేశాను గానీ, చుట్ట ముట్టించుకుంటూ కాల్చుకున్నాడు, అక్కడ మళ్లీ సరిగా మొలవలేదు. కొలత కావాలి. బావ అన్నం తిని అరుగు మీద గురక పెడుతున్నప్పుడు మెల్లగా పోయి రెండు వేళ్లతో మీసం పట్టుకున్నాను. కుడివైపు కొలత అయింది, ఎడమవైపుకు పోయేసరికి గురక ఆగింది.

"ఏం చేస్తున్నవ్‌రా?"

"ఈగ బావా. మీసం మీద వాలింది."

"ఈగ వాలింది నీకెట్ల కనబడ్డది?"

"కనబడలె. చప్పుడైతాంది."

"నా గురకల నీకు ఈగ చప్పుడినబడ్డదా?"

"ఈగ కూడ గురక పెడుతున్నది బావా" అన్నాను. బావ కాసేపు ఆలోచించి, అటు తిరిగి పడుకున్నాడు. ఆ కాసేపట్లో ఎడమ కొలత కూడా అయింది.

ఇక రంగు. బావకు ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ కండువా తప్ప ఇంకోటి ఎక్కేది కాదు. రైతు మీటింగులకు పోయి పోయి అదే అలవాటైంది. వేళ్లకు రంగు తెలియదు గనుక ముక్కలు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. "అక్కా, ఇవేం రంగు?" పొయ్యి మీద తాలింపు చిటపటలాడుతోంది. "పచ్చయిరా" అంది. ఇంకో చేతిలోవి చూపించాను. "అవి నల్లయి." అంతే, నా పని ఎత్తుకున్నాను. పచ్చవాటితో మూరెడు ఎత్తు బావను కట్టి, నల్లవాటితో మీసం పెట్టాను, ఎడమవైపు ఒక బొడిపె తక్కువ. తలకు రుమాలు కూడా చుట్టాను. మా దగ్గర ఆకు పచ్చే, పసుపూ పచ్చే. అక్క ఏ పచ్చ అన్నదో అడగాలని నాకు తోచలేదు. తాలింపు మాడుతుంటే చెప్పాలని ఆమెకూ తోచలేదు. తెల్లారి కిటికీలో నిలబెట్టింది నిలువెల్లా పసుపు పూసుకున్న, కోరమీసాల మూర్తినని నాకెలా తెలుస్తుంది?

అవ్వ వాకిలి ఊడుస్తూ కిటికీ దగ్గరికి వచ్చింది. చీపురు కింద పడిన చప్పుడైంది. "మల్లన్నా! నా తండ్రీ! కోరమీసాల తండ్రీ! నడిచొచ్చినవా!" అని ఆమె వేసిన కేకకు ఊర్లో గొర్లన్నీ ఒక్కసారి లేచాయి. మోకాళ్లు పట్టేసి ఆమె మల్లన్న జాతరకు పోలేకపోతోంది. నేను కొండెక్కలేను, రావాలనుకుంటే నువ్వే రా అని దేవుడికి కబురు పెట్టి ఉందట. ఆ దేవుడు రానే వచ్చాడు. నేను లేచి చెప్పేలోపే బండారి చల్లింది. బండారి అంటే మల్లన్న పసుపు, అది పడ్డాక ఇక అది బొమ్మ కాదు. కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు మీసం మీదుగా కారి నా మోకాలి మీద పడ్డాయి.

అక్క హారతి పట్టుకుని వచ్చి, దేవుడి ముందు వంగి, ఆగిపోయింది. నా చెవి దగ్గరికి వచ్చింది. "ఎడమ దిక్కు మీసం పొట్టిగున్నది గదరా."

"అక్కా..."

"నోరు మూసుకో. దండం పెట్టు."

పెట్టాను. ఆ తర్వాత బావ గొర్ల దగ్గరి నుంచి వచ్చాడు. గడపలో చెప్పులు విడిచాడు. కండువా నడుముకు చుట్టుకుంటున్న చప్పుడు, తర్వాత మోకాళ్ల చప్పుడు. మా బావ మా బావకు సాష్టాంగపడ్డాడు. నవ్వు బయటపడకుండా, దండం పెట్టిన చేతులనే నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దేవుణ్ని కిటికీలోంచి గోడ గూట్లోకి ఎక్కించారు. పున్నమి పోయింది. ఎరువుల దుకాణమాయన అర్ర చూసుకోవడానికి వచ్చాడు. "దేవుడున్న జాగల యూరియా బస్తాలేస్తవా బిడ్డా? పంట పండుతదా, కండ్లు పోతయా ఎరుకేనా?" అంది అవ్వ. పక్కనే కూర్చున్న నన్ను చూసి ఆయన ఏమనుకున్నాడో గానీ, కొబ్బరికాయ కొట్టి, బస్టాండు దగ్గర జాగా చూసుకుంటానని పోయాడు. చుట్టుపక్కల ఊర్ల నుంచి మనుషులు రావడం మొదలైంది. దేవుడు ఎలా వెలిశాడని అడిగేవాళ్లు. కలలో గంటలు మోగాయనీ, వేళ్లు వాటంతటవే కదిలాయనీ, లేచేసరికి చేతులకు బండారి వాసన అనీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే ఒళ్లు జలదరించేది. కానీ మంచం ఎక్కగానే భయం. ఎవడో ఒకడు బావ పక్కన నిలబడి రెండు మీసాలూ చూస్తాడు. ఆ రోజు అర్ర ఒక్కటే కాదు, ఇల్లే పోతుంది. మొగుణ్ని నవ్వులపాలు చేసిన తమ్ముణ్ని అక్క మాత్రం ఏ మొఖంతో ఉంచుకుంటుంది?

ఒక మధ్యాహ్నం బావ లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. గూడు దగ్గరికి పోయాడు. ప్లాస్టిక్ మీద వేలు జరిగిన చప్పుడు, తర్వాత వెంట్రుకల మీద వేలు జరిగిన చప్పుడు. మళ్లీ ప్లాస్టిక్.

"ఎడమ దిక్కు తక్కువ పెట్టినవ్" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది బావా?"

"మొక్కంగనే. లేచి సూసేసరికి నాకు నేను కనబడ్డ."

"మరి గిన్ని దినాలు ఎందుకు మొక్కినవ్?"

బావ నా మంచం మీద కూర్చున్నాడు. "అవ్వ నాకు ఎన్నడన్న 'సల్లంగుండు' అన్నదారా? కందులు తెస్తే పుచ్చున్నయంటది, గొర్లు తోలుకొస్తే ఒకటి తక్కువున్నదంటది. ఇప్పుడు పొద్దుగాల్ల లేస్తే నా మొకం ముంగట నిలబడి 'నా తండ్రీ, నా బంగారి తండ్రీ' అంటాంది. ఎనుక నిలబడి ఇంటున్న. దేవునికన్నదో, నాకన్నదో, నా చెవుల పడ్డది సాలదా?"

నేను ఇడ్లీ ప్లేటులోంచి ఒక ముక్క తీసి వేళ్ల మధ్య తిప్పాను.

"అర్ర నీదే. ఎటూ పోయే పని లేదు" అని లేచాడు. తలుపు దాకా పోయి ఆగాడు. "కని ఒక్క మాట. దేవుడైనంక గూడ గా ఎడమ మీసం గట్లనే ఉండాల్నారా?"

నూనె, బండారి, కొబ్బరినీళ్లు కలిసి ముక్కలు గట్టిపడిపోయాయి. అయినా తంటాలు పడి ఎడమ కొనకు ఒక బొడిపె అతికించాను. టక్కుమంది. తెల్లారి అవ్వ కేక మళ్లీ లేచింది. "చూసిండ్రా! తండ్రికి మీసం పెరిగింది! పానమున్నదిరా దేవునికి!" ఆమె మసక చూపుకు మూరెడు బొమ్మ మీది ఆ ఒక్క బొడిపె ఎలా ఆనిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ వారం వచ్చిన జనానికి మజ్జిగ పోయలేక అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. బావ మాత్రం అవ్వ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అవ్వ పోయి ఏళ్లవుతోంది. చివరిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేది కాదు. బావ ఇప్పుడు ముసలివాడయ్యాడని అక్క అంటుంది, తను కూడా అయ్యానంటుంది. అవుతారు కాబోలు. నా లోపల మాత్రం అందరూ నేను చివరిసారి చూసిన వయసులోనే ఉన్నారు. కాలం ఈ ఇంటిని దాటిపోతూ నాకు తెలిసిన ఏ ముఖం మీదా ముడత వేయలేకపోయింది, గొంతులను మాత్రం కొంచెం కొంచెంగా అరగదీసుకుంటూ పోతోంది.