తలుపులు మూసి వండిన ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి రాజేసే ముందు వీధి తలుపూ కిటికీలూ మూసేవారు. రేపల్లెలో ఒకప్పుడు బియ్యం మిల్లు నడిపిన కుటుంబం మాది. మిల్లు పోయింది, పొలం పోయింది, పెద్ద ఇల్లు అమ్మి అదే వీధి చివర ఒంటిగది ఇంట్లోకి మారాం. జాలి కోసం చెప్పడం లేదు. మా ఇంటిపేరు చెప్పేటప్పుడు నా వెన్ను ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది.

కట్టెలు కొనే స్తోమత లేక అమ్మ ఊక పొయ్యి మీద వండేది. రేకు డబ్బాలో ఊక కూరి, మధ్యలో కన్నం వదిలి నిప్పు పెడితే అది పూటంతా రగులుతూ గదినిండా పొగ చిమ్మేది. ఆ ఊక ఒకప్పటి మా మిల్లుదే. దాన్ని మేము అడిగి తెచ్చుకుని కాలుస్తున్నామని వీధికి తెలియకూడదన్నది మా నాయనమ్మ పట్టుదల. కళ్ళు మండినా, గొంతు పట్టేసినా ఎవరం తలుపు తీసేవాళ్ళం కాదు.

ఆ గదిలోనే చీర ఉయ్యాలలో మా తమ్ముడు ఉండేవాడు. ఇంకా బోర్లా పడటం కూడా రాని పసివాడు. ముసురు రోజుల్లో వాడికి దగ్గు పట్టుకుంది. గాలి తగిలిందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేశారు. దగ్గు పెరిగేకొద్దీ గుడ్డలూ పెంచారు, పొగా పెంచారు. వాడు పాలు తాగబోయి ఊపిరాడక రొమ్ము వదిలేసి ఏడ్చేవాడు. తర్వాత ఏడవడానికీ ఊపిరి చాలలేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుండేవి. అంతకుముందు వానాకాలంలో మా చెల్లెలు అచ్చం అలాగే పోయింది. అందుకే అమ్మ వాడి డొక్కల మీంచి చూపు తిప్పేది కాదు. ఆ కళ్ళల్లో భయం కూడా అయిపోయింది.

పొద్దున్నే అమ్మా నాన్నా, నాయనమ్మా, నేనూ వాణ్ణి తీసుకుని తెనాలి రైలెక్కాం. అమ్మ కిటికీ దగ్గర కూర్చుంటే నాయనమ్మ దాని తలుపు దించేసింది, పిల్లాడికి గాలి తగులుతుందని. దారంతా నేను వాడి పెదవులు చూస్తూ కూర్చున్నాను. వాటి రంగు మారిపోతోంది.

పిల్లల డాక్టరు గదిలో బల్లల నిండా జనం. వాళ్ళలో మా మిల్లులో గుమాస్తాగా చేసిన ఆయన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నాన్నను చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, మీరేంటండీ ఇట్లా వచ్చారు? కబురు చేస్తే డాక్టరుగారే మీ ఇంటికి వచ్చేవారు కదండీ." అది మర్యాదో ఎత్తిపొడుపో నాకు ఈనాటికీ తెలియదు. నాన్న మాత్రం కండువా సర్దుకున్నాడు.

డాక్టరు తమ్ముడి గుండెల మీద గొట్టం పెట్టి, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంట్లో వంట ఎక్కడ చేస్తారండి?"

"వంటిల్లు విడిగా ఉందండి," అన్నాడు నాన్న.

"పొయ్యి?"

"కట్టెల పొయ్యేనండి. పెరట్లోకి పొగగొట్టం కూడా ఉంది."

నాన్న చెబుతున్నది అమ్మేసిన ఇంటి గురించి. అమ్మ తల వంచుకుంది. పిల్లవాడు ఊపిరి కోసం నోరు తెరిచి మూస్తున్నాడు. డాక్టరుకు అంతుపట్టలేదు. ఇంకేదో అడగబోతుంటే మా నాయనమ్మ ముందుకొచ్చింది. వీధిలో ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి, ఆ బల్లలన్నిటికీ వినపడేలా చెప్పింది.

"వాడు చెప్పేది అబద్ధమండి. మాది ఒకటే గది. ఊక పొయ్యి. ఊక మిల్లులో అడిగి తెచ్చుకుంటాం. ఎవరికీ కనపడకూడదని నేనే తలుపులు వేయిస్తాను. పిల్లోడు ఆ పొగలోనే పడుకుంటాడండి."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. ఆ పొగే వాడి ఊపిరితిత్తుల్ని పాడు చేసిందని, గాలి ఆడని గదిలో జబ్బు ఇంకా ముదిరిందని చెప్పాడు. నాయనమ్మ అంతా విని, గొంతు తగ్గించి అడిగింది. "పోయినేడు ఆడపిల్ల పోయిందండి. అదీ ఇందుకేనా?"

"ముందు ఈ బాబుని చూద్దాం పెద్దమ్మా," అన్నాడాయన.

జవాబు ఆమెకు అందింది.

తమ్ముణ్ణి ఆసుపత్రిలోనే ఉంచారు. వాడు మళ్ళీ పాలు పట్టుకున్న పూట అమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఇంటికి చేరగానే నాయనమ్మ ఊక పొయ్యి తన చేత్తో మోసుకెళ్ళి వీధి అరుగు మీద పెట్టింది. ఎదురింటావిడ ఊరుకోలేదు.

"ఏంటి పెద్దమ్మగారూ, వంట వీధిలోకి వచ్చింది?"

"లోపల పిల్లోడు ఊపిరి పీల్చుకోవాలిగా అమ్మా. పొగ నీ వైపు వస్తే చెప్పు, ఇటు జరుపుతాను."

నవ్విన వాళ్ళు నవ్వారు. ఆమె నడుము వంచకుండా కూర్చుని ఎసరు పెట్టింది. కానీ చెల్లెలి పేరు ఆ తర్వాత ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

నేనూ ఆ రక్తమే. మనవరాలికి ఆయాసమని మొన్న ఆసుపత్రికి వెళితే, ఇంటి గోడలకు చెమ్మ ఉందా అని అడిగారు. లేదనే మాట నాలుక మీదికి వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపుకుని, బల్లల నిండా జనం వింటుండగా నాయనమ్మ నిలబడిన తీరు తలచుకున్నాను. ఉందండి, మంచం పక్క గోడకే ఉంది, అన్నాను.