ప్రెస్సక్క రాసిన సిఫారసులు

చిత్రకళా కళాశాలలో, చెక్క మీద చెక్కిన బొమ్మలను కాగితం మీద అచ్చు తీసే గదిని చూసుకునే ఆవిడను అందరూ ప్రెస్సక్క అంటారు. సిరా కలపడం, రోలర్లు తుడవడం, కాగితాలు తడపడం, ఎవరైనా తొందరపడి ప్రెస్సు చక్రాన్ని అడ్డదిడ్డంగా తిప్పితే చీవాట్లు పెట్టడం ఆవిడ ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం ఇంకొకటుంది. పైచదువుల స్కాలర్‌షిప్పుకు సిఫారసు ఉత్తరం కావాలని ఏ విద్యార్థి వచ్చినా, పెద్ద మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ప్రెస్సక్కనడుగు, నాలుగు ముక్కలు రాసిపెడుతుంది. నేను సంతకం పెడతాను," అంటారు. పదకొండేళ్లుగా ఆయన పేరుతో వెళ్లిన ప్రతి సిఫారసూ ఆవిడ రాసిందే.

రాయడం ఆవిడకు కష్టం కాదు. ఎవరు గీత తప్పితే దాన్నే కొమ్మగా మార్చేస్తారో, ఏ పిల్ల కోపంతో చెక్క విసిరికొట్టి, అరగంట తర్వాత వచ్చి వెతుక్కుంటుందో ఆవిడ చూస్తూనే ఉంటుంది. చూసింది చూసినట్టు రాసేది. తొమ్మిదిమందికి స్కాలర్‌షిప్పులు వచ్చాయి. వాళ్లు మాస్టారికి పూలగుత్తి ఇచ్చి, ఆవిడకు చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

ఆవిడా ఇక్కడ చదివిన మనిషే. తండ్రి మంచాన పడ్డప్పుడు చదువాపి ఈ పనిలో చేరింది. మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక, పిల్లలు వదిలేసిన చెక్కముక్కల మీద తన బొమ్మలు చెక్కుకునేది. స్కాలర్‌షిప్పు వస్తే రెండేళ్లు ఎవరి రోలరూ తుడవకుండా తన పని తాను చేసుకోవచ్చు. దానికి ముప్పై అయిదేళ్లు నిండకూడదు. ఆవిడకు ముప్పై నాలుగు నిండాయి, వచ్చే ఏడు ఇంకో దరఖాస్తుకు వీల్లేదు.

"సార్, ఈసారి నాకూ ఒక ఉత్తరం కావాలి. మీరే రాస్తారా?" అని అడిగింది.

"నువ్వుండగా నేనెందుకమ్మా? రాసి పట్రా. కళ్లు మూసుకుని సంతకం పెడతా."

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

ఉన్నది ఒకే స్కాలర్‌షిప్పు. అదే ఏడు దానికి చివరి సంవత్సరం చదువుతున్న ఒక పిల్ల కూడా దరఖాస్తు పెట్టుకుంది. ఆ పిల్ల ఉత్తరం ఆవిడ ఒక్క గంటలో రాసేసింది. తనది మొదలుపెట్టి నాలుగు రోజులు కూర్చుంది. 'ప్రతిభావంతురాలు' అని రాసి కొట్టేసింది. 'సొంత చూపు గలది' అని రాసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి మరీ కొట్టేసింది.

"మన గొప్ప మనమే చెప్పుకుంటే వినేవాళ్లు నవ్విపోతారే," అంది తల్లి కూరగాయలు తరుగుతూ. "పని చూస్తే వాళ్లకే తెలుస్తుందిలే."

పని చూస్తే తెలుస్తుందట! అలా తెలిసే లోకమైతే ఉత్తరాలెందుకు? కానీ ఆ ఇంట్లో పుట్టి, ఆ మాట మీద పెరిగిన మనిషి చెయ్యి ఇంకెలా ఆడుతుంది? చివరికి కాగితం మీద మిగిలినవి మూడే వాక్యాలు. సమయానికి వస్తుంది. పనిముట్లు శుభ్రంగా ఉంచుతుంది. నమ్మదగిన మనిషి. గోదాము కాపలాకైతే ఆ సర్టిఫికెట్టుతో ఇట్టే తీసుకునేవాళ్లు.

స్కాలర్‌షిప్పు చివరి సంవత్సరం పిల్లకు వచ్చింది. ఎంపిక కమిటీ మాస్టారికి ఉత్తరం రాసింది. విద్యార్థిని ఇంత దగ్గరగా గమనించే గురువు అరుదని మెచ్చుకుంది. రెండో అభ్యర్థి కళ గురించి మీరే ఒక్క మాటా అనలేదు కాబట్టి మేమూ ముందుకు వెళ్లలేకపోయామని కింద చేర్చింది.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే అక్కా," అన్నాడు ఆఫీసు గుమాస్తా. ఆవిడ నవ్వింది. లోపల అతని పీక నొక్కాలనిపించింది. అయినా తప్పు తనదేనని, చేజేతులా తానే చేసుకుందని ఆవిడ నమ్మకం. మాస్టారే రాసి ఉంటేనా అన్న ఆశ ఒక్కటి మిగిలింది. ఉండబట్టలేక ఆయన గదికి వెళ్లింది.

"సార్, మీరే రాసుంటే నా గురించి ఏం రాసేవారు?"

ఆయన కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, పాపం.

"నీ రంగులమ్మా. ఆ ఎరుపులూ, పసుపులూ. వాటి గురించే రాసేవాణ్ణి."

పదకొండేళ్లలో ఆవిడ తీసిన అచ్చుల్లో నలుపు తప్ప మరో రంగు లేదు. ఆయన గుమ్మం ముందు తీగ మీదే అవి ఆరేవి. రోజూ వాటి కిందే తల వంచుకుని ఆయన లోపలికి వెళ్లేవారు.

ఆవిడకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది, ఆయన మీద కొంత, ఇన్నాళ్లూ ఆయన పేరును పెంచి పోషించిన తన చేతి మీద ఇంకా ఎక్కువ.

"అన్నట్టు, కమిటీకి జవాబివ్వాలి. నాలుగు ముక్కలు రాసిపెడుదూ, నీకెంతసేపు," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన బల్ల ముందే కూర్చుని రాసింది. 'నా దగ్గర పనిచేసే ఒక మనిషిని పదకొండేళ్లుగా నేను ఒక్కసారీ చూడలేదు. మీ మెప్పుకు నేను తగను,' అని రాసి కాగితం ముందుకు జరిపింది.

ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.