అలల తొట్టిలో నీళ్లు

మా ఫిజిక్స్ సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున కదిరి బడిలో పాఠం చెబుతుంటే కబురొచ్చింది. అలాగే బస్సెక్కాను. దిగాక చూసుకుంటే సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

సముద్రపు అలల నుంచి కరెంటు తీయాలన్నది సారు పరిశోధన. చేసింది అనంతపురంలో. నవ్వనివాళ్లు లేరు. "సముద్రం యాడుండాది, మీరు యాడుండారు సార్?" అని తోటి లెక్చరర్లే ఆటపట్టించేవారు. "సూర్యుని గురించి చదివేటోడు పోయి సూర్యుని మీద కాపురముంటాడా అప్పా?" అనేవారు సారు.

కాలేజీ వెనక షెడ్డులో సిమెంటుతో పొడవాటి తొట్టి కట్టించారు. ఈ కొసన తెడ్డు ఆడిస్తే అలలు పుట్టేవి, ఆ కొసన తేలే చెక్క లేచి పడుతూ చిన్న బల్బును వెలిగించేది. టీ ఇస్తే గ్లాసు కదిపి చూస్తూ కూర్చునేవారు, టీ చల్లారిపోయేది. "నీళ్లు యాడివి ఆడనే ఉంటాయమ్మా, ముందుకు పోయేది శక్తి" అని నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

ఎనభైల మొదట్లో, వరసగా మూడో కరువేడు, అలల పరిశోధనకు ప్రభుత్వం నిధులిస్తుందని, చూడటానికి కమిటీ వస్తుందని తెలిసింది. సారు ఊరి బయటి బావి నుంచి ఎద్దులబండి మీద వారం రోజులు డ్రమ్ములు తోలించి తొట్టి నింపారు. కమిటీని తీసుకురావడానికి స్టేషనుకు పోతూ, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నాకు తొట్టిని అప్పగించారు.

వెనక వీధి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. "ఒగ బిందె పాపా, ఒగటే" అన్నారు. మా ఊరు ముదిగుబ్బలో నీళ్లు పక్కన పెట్టుకుని లేవని ఎవరూ అనరు. నేనూ అనలేకపోయాను. బిందె వెనక బిందె. తొట్టి అడుగు తేలింది.

సారు కమిటీతో వచ్చి తొట్టిలోకి చూశారు. "కారిపోయినాయి సార్" అన్నాను. అబద్ధం. కమిటీ పెద్దమనిషి నవ్వి, "నీళ్లే నిలవని చోట అలలేమిటండీ" అన్నాడు. నిధులు సముద్రం పక్కనున్న యూనివర్సిటీకి పోయాయి. సారు రెండు రోజులు తొట్టి లోపల కూర్చుని పగులు కోసం వేలితో తడిమారు. మూడో రోజు మానేశారు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. షెడ్డులో విరిగిన బెంచీలు వేశారు. నిజం చెప్పాలని ఆయన ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో! టీ తాగి వచ్చేసేదాన్ని. ఇక చెప్పేదెవరికి?

ఈ ఏడూ వానల్లేవు. మంగళవారం నేను ఆయన ఇంటికి చేరేసరికి కాలేజీ వెనక వీధి ఆడవాళ్లు సారు చివరి స్నానానికి తలా ఒక బిందె తెస్తున్నారు. ఒక ముసలామె నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు ఆ పాపవు కదూ? సారుకు తెలుసు తల్లీ. మూడోనాడే నేను చెప్పినా. 'ఆ పాపతో అనొద్దండమ్మా, కుమిలిపోతాది' అన్న్యాడు."

అరుగు మీద కూర్చున్నాను. ఆమె తన బిందె తెచ్చి గోడ పక్కన వరసలో దించి వెళ్లింది. అందులో నీళ్లు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.