మురుగుబోదె పూడ్చిన తోట

2022 వర్షాకాలం. గన్నవరం దాటాక, ఒకప్పటి వరిచేలల్లో లేచిన కొత్త కాలనీ. అక్కడ సుభాషిణి గారి ఇంటికి తోట వేస్తూ, స్థలం వెనకాల ఉన్న మురుగుబోదెను మట్టితో పూడ్పించాను. పొలాల నీళ్లు దిగిపోయే చిన్న కాలువను మా వైపు అలా అంటారు. పొలాలే లేనప్పుడు బోదె ఎందుకు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

మా ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్లకు మెరక పిచ్చి. పక్కవాళ్లు అడుగు ఎత్తు లేపితే మనం అడుగున్నర. సుభాషిణి గారు కూడా "అందరికంటే కాస్త మెరకగా ఉండాలండీ" అన్నారు. ల్యాండ్‌స్కేపింగ్ పనిలో తలపండినవాణ్ణి, వారించాల్సింది పోయి ఎర్రమట్టి తోలించి, పైన లాన్ పరిపించి, ఫొటోలు కూడా తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పెద్ద వాన. లాన్ మీద చుక్క నిలవలేదు. నేను మురిసిపోతూ చూస్తుండగా పక్కింటి ఖాజా గారు లుంగీ ఎగ్గట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. ఆయన పరుపులు కుడతారు.

"తోట సారూ, ఒకసారి మా ఇంటికి రండి. ఇక్కడ లాన్ వేశారు, అక్కడ కొలను కట్టారు. అదీ చూద్దురుగాని."

షెడ్డు నిండా నీళ్లు. పెళ్లిళ్ల ఆర్డరుకి తెచ్చిన బూరుగుదూది బస్తాల్లో కింది వరస తడిసి ముద్దయింది. ఆ ఆర్డరు పోతే ఆయనకు ఆ సీజనంతా పోయినట్టే.

"ఇటెందుకు వచ్చాయి?" అన్నాను, తెలిసి కూడా.

"మీరు దారి మూశారు. పాపం, ఎక్కడికి పోతాయి? పల్లంలో ఉన్నాం కదా, మర్యాద చేస్తామని మా ఇంటికొచ్చాయి."

"జోకులు తర్వాత, ముందు బస్తాలెత్తండి" అంది లోపల్నుంచి ఆయన భార్య. ఇద్దరం ఎత్తాం.

ఆ మధ్యాహ్నమే కూలీలను పిలిపించి బోదె తవ్వించాను. సాయంత్రానికి షెడ్డులో నీళ్లు దిగిపోయాయి. కానీ మెరక మెరకే. మళ్లీ వానొస్తే నీళ్లు అటే జారతాయి. సుభాషిణి గారి దగ్గరికెళ్లి నా తప్పు చెప్పి, లాన్‌లో సగం తీసేసి పల్లం చేస్తానన్నాను.

"ఇంటి ముందు గొయ్యి ఏంటండీ? చూసినవాళ్లు నవ్వరూ?"

"ఖాజా గారి దూది తడిసిందండీ."

ఆవిడ ఖాజా గారి షెడ్డు వైపు చూశారు. "మా ఇంట్లో పరుపులన్నీ ఆయన కుట్టినవే. సరే, తవ్వండి. కాస్త అందంగా తవ్వండి."

అక్కడ రెయిన్ గార్డెన్ చేశాను. అంటే వాన నీటిని కాసేపు ఆపి, నేలకు తాగించే పల్లపు మడి. మాది నల్లరేగడి, నీరు నెమ్మదిగా ఇంకుతుంది. అందుకని తడికి తట్టుకునే మెట్టతామర, వట్టివేరు నాటి, మిగులు నీరు ఇంటి పక్కగా వెనకాల బోదెలోకి పోయేలా వాలు పెట్టాను. మెట్టతామర పూశాక, అది తన ఆలోచనేనని సుభాషిణి గారు చుట్టాలకు చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

ఆ వాన వెలిసి ఎండ కాయగానే సుభాషిణి గారి డాబా మీదే దూది ఆరబోశాం. పాడైనదానికి బదులు కొత్త దూది నేను తెచ్చిచ్చాను. మిగతాది ఉండలు కట్టింది. పని మానుకుని ఖాజా గారి పక్కన కూర్చుని ఆ ఉండలు విప్పాను. ముక్కులోకి దూది పోయి నేను తుమ్ముతుంటే ఆయన నవ్వాపుకోలేకపోయారు. పరుపులు పెళ్లివారికి వేళకు చేరాయి.

ఇప్పుడు కొత్త స్థలానికి వెళితే ముందు పల్లంలో ఉన్న ఇంటి తలుపు తడతాను. వాన నీళ్లు ఎటు పోతాయో వాళ్లను అడుగుతాను. వాళ్లు సరేనన్నాకే పార దింపుతాను.