సుగుణక్క హోల్డాన్

మొన్న పొద్దున తిరుపతిలో మా ఇంటి ముందు రోడ్డుమీద ఏదో బస్సులోంచి "హోల్డాన్!" అన్న కేక వినబడింది. చేతిలో కాఫీ తొణికింది. నా కుడికాలు దానంతట అదే నేలను గట్టిగా తొక్కింది. డ్రైవరు ఉద్యోగం వదిలి చాలాకాలమైనా, ఆ కాలు ఇంకా సుగుణక్క డ్యూటీలోనే ఉంది.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో తిరుపతి–శ్రీకాళహస్తి బస్సుకు ఆమె కండక్టరు, నేను డ్రైవరు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లీషంతా బస్సులో నేర్చిందే. స్టాప్ అంటే జనం నిలబడే చోటు. బస్సు ఆపాలంటే హోల్డాన్. మొదటిరోజు ఆమె ఆ మాట అనగానే, వాగుడుకాయను కదా, "ఎందుకక్కా, కాళ్లు నొప్పి పుట్టినాయా?" అంటూ తాపీగా బ్రేకు వేశాను. ఆమె నవ్వలేదు. దిగబోతున్న ముసలమ్మ కొంగు తలుపు కడ్డీకి చిక్కుకుని ఉంది. "ముందు ఆపు, తర్వాత అడుగు సామీ. నువ్వు ఎందుకని అడిగేలోపల మనిషి పోతాది" అంది. ఆ మాటకు నేను నేర్చుకున్న అర్థం అదే. ఆనాటినుంచి చెవికంటే ముందు కాలే వినేది.

నోరు మాత్రం వినేది కాదు. ఎక్కిన ప్రతి మనిషికీ టిక్కెట్టుతో పాటు నా ఎకసెక్కం ఉచితం. ఒకరోజు నా పక్కనున్న సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. నున్నటి గుండు, ఒళ్లో గుడ్డ కట్టిన చిన్న కుండ. తిరుపతిలో గుండు కనబడితే కొండ దిగి వచ్చినవాడే అనుకుంటాం. కుండనిండా లడ్లేనా, మాకొకటి పెట్టవా అని ఆటపట్టించబోయి, "ఏమప్పా, ఆ కుండ..." అన్నానో లేదో, వెనకనుంచి "హోల్డాన్!"

బస్సు నిలిచింది. దాంతోపాటు నా మాటా నిలిచింది.

"ఈడ స్టాపు లేదే!" అని జనం గొణిగారు.

"టైరు సూడాల. దిగబ్బా" అంది అక్క నాతో. చక్రం దగ్గర వంగి, "అవి వాళ్లమ్మ అస్థికలు. టిక్కెట్టు కొట్టేటప్పుడు సెప్పినాడు. స్వర్ణముఖిలో కలిపేదానికి పోతా ఉండాడు" అంది మెల్లగా. తిట్టలేదు. టైరును ఒక తన్ను తన్ని, "బాగానే ఉండాది, రైట్ రైట్!" అని అందరికీ వినబడేలా అరిచి ఎక్కేసింది.

నేను సీట్లో కూర్చోగానే ఆ కుర్రాడు, "కుండ అని ఏందో అంటా ఉంటివే అన్నా?" అన్నాడు. నా జన్మలో మొదటిసారి ఎకసెక్కం తట్టలేదు.

"ఏం లేదప్పా. గట్టిగా పట్టుకో, ముందర గుంతలుండాయి అని సెప్పబోతి."

కుర్రాడు తల ఊపి, కుండను రెండు చేతులా పొదువుకున్నాడు. శ్రీకాళహస్తి దాకా ఒక్క గుంతలోనూ చక్రం దిగనివ్వలేదు నేను. బస్సు లేటయింది. ఎందుకని అక్క అడగలేదు.

ఆమె ఇప్పుడు కార్వేటినగరంలో మనవరాళ్లను అదిలిస్తూ హాయిగా ఉంది. నా ఎకసెక్కాలూ తగ్గలేదు. కాకపోతే, ఎదుటి మనిషి ఒళ్లో ఏం పెట్టుకుని వచ్చాడో తెలియనప్పుడు, మాట నాలుకమీదికి రాగానే కుడికాలు నేలను తొక్కుతుంది. "ఇంట్లో బ్రేకు యాడుండాదయ్యా?" అంటుంది మా ఆవిడ. నేను ముందు ఆపి, తర్వాత నవ్వుతాను.