మా బావ కళ్ళూ, క్రేను కెమెరా

కూతపెట్టే వస్తువంటే నాకు ఒళ్ళుమంట. ప్రెషర్ కుక్కర్‌కి తప్ప నా మీద అరిచే హక్కు ఏ యంత్రానికీ లేదని నా గట్టి అభిప్రాయం. అలాంటివాణ్ణి పోయిపోయి కూతల సంతలో పడ్డాను. ఆటోనగర్ దాటాక అపార్టుమెంట్ల టవర్లు కడుతున్న సైటది. అక్కడ నా పని క్రేను కింద నిలబడి సైగలివ్వడం. అంత ఎత్తున క్యాబిన్లో కూర్చున్నవాడికి కింద బరువు ఎక్కడుందో, ఎవరు అడ్డొస్తున్నారో పూర్తిగా తెలీదు. కిందివాడు చెప్పాలి, పైవాడు నమ్మాలి. ఆ పైవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు, మావైపు పిలుపులు అంతే. ఇంట్లో నా మాట ఒక్కటీ వినడు గాని, సైటులో నేను ఎత్తమంటే ఎత్తేవాడు, దించమంటే దించేవాడు. అందుకే నాకా ఉద్యోగం అంత ఇష్టం.

ఆ ఏడు వేసవిలో కంపెనీవాళ్ళు కొత్త సరుకు దించారు. హెల్మెట్‌లో చిప్పు పెట్టారు, తలమీంచి తీస్తే ఆఫీసు తెరమీద మన బొమ్మ ఎర్రబడుతుంది. చేతికి పట్టీ ఇచ్చారు, ఒళ్ళు మరీ వేడెక్కితే అది గిజగిజలాడి నీడకి పొమ్మంటుంది. లారీ వెనక్కొస్తుంటే ఒంటిమీది జాకెట్టు కూస్తుంది. ఇవి చాలవన్నట్టు నడుముకో బెల్టు. మనిషి పడిపోయి కదలకుండా ఉంటే అది అలారం కొడుతుంది. దాని సంగతి మొదటి రోజే తేలిపోయింది. మధ్యాహ్నం అన్నాలు తిని, అలవాటుగా స్లాబు కింద చల్లటి నేలమీద అందరం నడుం వాల్చాం. ఆఫీసు తెరమీద సైటులో ఉన్న జనమంతా ఒక్కసారే కూలిపోయినట్టు కనిపించిందట. సేఫ్టీ మేడమ్ స్ట్రెచర్ పట్టించుకుని పరుగున వచ్చేసరికి గురకలు వినబడ్డాయి. ఆవిడ వయసులో మాకంటే చాలా చిన్న, విజయనగరం వైపు రైతుల ఇంటి పిల్ల. తిడతారనుకున్నాం. స్ట్రెచర్ మీదే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాటికల్లా కునుకు తీసే వేళకి బెల్టు నోరు మూయించే బటనొకటి కనిపెట్టించారు.

అన్నిటికంటే ఆఖర్న వచ్చింది క్యాబిన్లో కెమెరా. క్రేను నడిపేవాడి మొహాన్నే చూస్తూ కూర్చోవడం దాని పని. రెప్పలు వాలాయా, కూత పెట్టి, ఒక ఆడగొంతుతో "అప్రమత్తంగా ఉండండి" అంటుంది. మా బావది చేపల వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళ నాన్న, అన్నలు ఇప్పటికీ బోటు మీదే ఉంటారు. ఆ ఇంట్లో ఆ మాట వాయుగుండం పట్టినప్పుడు వార్తల్లో తప్ప వినబడదు. మొదటిసారి వినగానే బావ సముద్రం కేసి చూశాడట, నడినెత్తిన ఎండ పేలిపోతుంటే తుఫానెక్కడిదని.

తర్వాత్తర్వాత అది రోజూ కూయడం మొదలెట్టింది. వాకీటాకీలో నాకు ముందు ఆ అమ్మాయి గొంతు, వెనకే "ఉన్నానమ్మా, ఉన్నాను" అని బావ గొంతు వినబడేవి. కొత్త కాపురంలో గొడవ వింటున్నట్టుండేది. నేను కింద నవ్వుకునేవాణ్ణి. నిజానికి బావ నిద్రపోయే రకం కాదు. వాళ్ళ ఇంటి మగాళ్ళందరి కళ్ళూ అంతే. చిన్నప్పటినుంచి నీళ్ళమీద తళతళలాడే ఎండని చూసీ చూసీ, కళ్ళు సగం మూసే చూస్తారు. మా అక్క పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికొడుకు వైపు జనమంతా నిలబడి నిద్రపోతున్నట్టే ఉంటారు. ఫోటోగ్రాఫరు పాపం ఒక్కొక్క ఫోటో నాలుగుసార్లు తీశాడు.

ఒకరోజు సైటు మేనేజరు బావని పిలిచి, ఈ కూతలు ఇలాగే సాగితే కిందికి దింపేయాల్సొస్తుందని చెప్పాడు. దాంతో నా నవ్వు ఆగిపోయింది. క్రేను దిగితే బావకి మిగిలేది స్టోరు దగ్గర కాపలా. వాళ్ళింట్లో బోటు ఎక్కకుండా బతుకు వెతుక్కున్న మొదటి మనిషి అతను. క్రేనుకి గ్రీజు పూసే పనిలో చేరి, ఏళ్ళ తరబడి ఆపరేటర్ల పక్కన నిలబడి నేర్చుకుని ఆ కుర్చీ సంపాదించాడు. మా అక్క కొత్తవాళ్ళతో "మా ఆయన క్రేను" అంటుంది. ఆపరేటరన్న మాట కూడా కలపదు, ఆ క్రేను తమదే అన్నట్టు.

ఇక నేను ఊరుకుంటానా? మేడమ్ గదికెళ్ళి పోట్లాడాను. మనిషి మొహం తెలీని డబ్బా మనిషి బతుకు తీసేస్తుందా అన్నాను, మా వైపు జనం కళ్ళు ఎలా ఉంటాయో దానికి ముందు నేర్పండి అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, కంపెనీకి రాస్తానన్నారు. బావ మాత్రం నా వెనక నిలబడి నా చొక్కా పట్టి లాగుతూనే ఉన్నాడు.

ఈలోగా ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. కళ్ళు బాగా పెద్దవి చేసి నడపమని నేను సలహా ఇచ్చాను. మధ్యాహ్నానికి కళ్ళనిండా నీళ్ళతో, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని దిగాడు. నల్లకళ్ళద్దాలు పెట్టించాను. కుర్చీలో మనిషే లేడని కెమెరా ఆఫీసుకి కబురు పంపింది. ఇవన్నీ కాదని మా అక్క కాటుక డబ్బా తీసింది. కాటుక పెడితే కళ్ళు పెద్దగా కనిపిస్తాయి కదా అంది, అందులో తప్పేముంది అంది. మర్నాడు నిచ్చెన దగ్గర బావని చూసిన రాడ్ల మేస్త్రి పని ఆపి కూర్చుండిపోయాడు. ఆ రోజంతా సైటులో ఎవరెదురైనా బావకి దిష్టి తీశారు. కెమెరా మాత్రం కాటుకని లెక్కచెయ్యలేదు.

తర్వాతి వారం మేడమే నన్ను పిలిచారు. కూసిన ప్రతిసారీ కెమెరా ఒక ఫోటో తీసుకుంటుందట, అవన్నీ తెరమీద వరసగా పెట్టారు. చూడండి, ఇవి వాలిన కళ్ళు కావా, మీరే చెప్పండి అన్నారు. నేను పోట్లాటకి సిద్ధపడే చూశాను. మొదటి ఫోటోలో బావ ఎడం కన్ను పూర్తిగా మూసి ఉంది, కుడి కన్ను సన్నగా తెరిచి ఉంది. రెండో దాంట్లోనూ అంతే, మిగతా వాటిల్లోనూ అంతే. నిద్రొచ్చినవాడు ఒక కన్నే మూస్తాడా? కొన్ని నెలలుగా బావ నన్ను చేతి సైగలు మానేసి వాకీటాకీలో నోటితో చెప్పమంటున్నాడు. ఒంటరిగా తోచక నా మాటలు వినాలని అలా అంటున్నాడనుకున్నాను. ఆ గదిలో నిలబడి ఉండగా అది గుర్తొచ్చి, నా చెయ్యి అతనికి సరిగ్గా కనబడటం లేదేమోనని అనుమానం తగిలింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటికొచ్చేశాను.

సాయంత్రం టీకొట్టు దగ్గర బావని పక్కకి తీసుకెళ్ళి, నిజం చెప్పమన్నాను. గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు.

"ఎడం కన్ను తెరిత్తే హుక్కు రెండు హుక్కులైపోతంది బావా. మూసుకుంటే ఒకటే అవుపిస్తంది," అన్నాడు.

"మరి అందరూ నిద్దరంటంటే మాటాడవేటి?"

"నిద్దరంటే దింపినా మళ్ళీ ఎక్కనిత్తారు. కళ్ళంటే మరెక్కనివ్వరు. నువ్వేమో నిద్దర కాదు, నిద్దర కాదని ఊరంతా దండోరా ఏత్తన్నావు. నా కోసం పోట్లాడకు బావా, నీకు దండం పెడతాను."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. కంటి పరీక్ష ఏడాదికోసారి ఉంటుంది గాని, ఆ ఏటిది ఇంకా రాలేదు. బావ మొహం దగ్గరికి లాక్కుని చూశాను. ముక్కు వైపు నుంచి ఎర్రటి పొర ఒకటి పాకి నల్లగుడ్డు మీదికెక్కింది. కుడి కంట్లోనూ మొదలైంది. అది నాకు కొత్తదేం కాదు. వాళ్ళ ఇంట్లో పెద్ద మగాళ్ళందరికీ ఉంటుంది. ఉప్పుపొర అంటారు. దాన్ని జబ్బు అనుకోరు సరికదా, సముద్రం ఇచ్చిన సర్టిఫికెట్టులా చూసుకుంటారు. ముసలాళ్ళు ఒకరి కంట్లోకి ఒకరు చూసుకుని ఎవరిది పెద్దదో పందెం వేసుకుంటారు. బోటు వదిలేసి క్రేను ఎక్కాడని బావని అన్నలు ఎప్పుడూ ఆడిపోసుకునేవారు. అలాంటిది తనకీ ఆ పొర రావడం బావకి లోలోపల సంతోషమట. ఎండా గాలీ దుమ్మూ క్రేను మీద మాత్రం తక్కువా అన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఇంటికెళ్ళి మా అక్కకి చెప్పకుండా ఉండలేకపోయాను. బావ కోపంగా చూశాడు, ఇది మా నాన్నకీ ఉంది, ఆయన సముద్రం మీద బతకట్లేదా అన్నాడు. అక్క కూర దించి, గరిటె కింద పెట్టి, చాలా నెమ్మదిగా అంది:

"మీ అయ్య వల దించితే కింద సేపలుంటాయి. నువ్వు హుక్కు దించితే కింద నా తమ్ముడుంటాడు."

బావ లేచి అద్దం ముందుకెళ్ళి, ఎడం కన్ను మూసీ తెరిచీ చూసుకున్నాడు. అక్క చెప్పేదాకా ఆ హుక్కు కింద ఉన్నది నేనేనని నాకే తట్టలేదు.

మర్నాడు పొద్దున్న బావ నిచ్చెన వైపు వెళ్ళకుండా తిన్నగా మేడమ్ గదికెళ్ళి, తన నోటితోనే అంతా చెప్పేశాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అక్కడే ఉన్న మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. మేడమ్ వెంటనే బావ స్థానంలో ఇంకో ఆపరేటర్ని ఎక్కించి, ఆ తర్వాత అన్నారు: "కెమెరా చూసింది నిజమే. దానికి నిద్ర అన్న మాట ఒక్కటే నేర్పారు, అందుకని అదే అంటోంది. మీరు చూపు బాగుచేయించుకుని పరీక్ష పాసవ్వండి. ఆ కుర్చీ ఇంకెవరికీ రాయనివ్వను."

కంటాసుపత్రిలో డాక్టరు ఒక్క చూపుతో తేల్చేశాడు. కంట్లో కండ పెరిగిందన్నాడు. ఎండలో, గాలిలో బతికేవాళ్ళకి మామూలేనట. అది నల్లగుడ్డుని లాగడంవల్లే ఒకటి రెండుగా కనిపిస్తోందట. తీసేయొచ్చన్నాడు. తీసేశాక ఆ పొరని సీసాలో పెట్టి ఇస్తారా, ఇంటికి పట్టుకెళ్తాను అని బావ అడిగాడు. ఇవ్వరన్నాడు. ఆపరేషన్ రోజు చూడ్డానికొచ్చిన ముసలాయన, అంటే బావ నాన్న, ఇంత బంగారంలాంటి పొర తీయించుకుంటావేట్రా అని కొడుకుని చెడామడా తిట్టాడు. వెళ్ళేముందు మాత్రం నర్సుని పక్కకి పిలిచి, నా వయసువాళ్ళకీ చేస్తారా అని గొంతు తగ్గించి అడిగాడు.

కన్ను మానేదాకా బావకి నా పక్కనే పని ఇచ్చారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రోజంతా నా తప్పులు ఎంచాడు. క్రేను కింద అంత ఎండ ఉంటుందని నీకిప్పుడు తెలిసిందా అని నేనూ సాధించాను. కానీ హుక్కు కదిలినప్పుడల్లా అతని మెడ పైకే తిరిగేది. పరీక్ష రోజు అక్క కూడా ఆసుపత్రికొచ్చి, లోపల్నుంచి బావ గొంతు అక్షరాలు చదువుతుంటే ఒక్కొక్కదానికీ నా చెయ్యి నొక్కింది. ఆఖరి వరస దాకా చదివాడు.

తిరిగి క్రేను ఎక్కిన రోజు పొద్దున్న, బావ నిచ్చెన మీద చిన్నవాడైపోతుంటే, క్యాబిన్లోకి దూరేదాకా చూస్తూ నిలబడ్డాను. మేడమ్ కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. నేను అలవాటుగా వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, కుడికి, ఇంకొంచెం, మెల్లగా అని మొదలెట్టాను. నా మాట పూర్తయ్యేలోపే హుక్కు వచ్చి రాడ్ల కట్ట మీద నాకు అందేంత ఎత్తులో ఆగింది. గొలుసులు తగిలించి అందరం వెనక్కి జరిగాం.

"ఇంక మాటలు సాలు బావా," అని పైనుంచి గొంతు వచ్చింది. "సెయ్యెత్తు, సూత్తన్నాను."

వాకీటాకీ దించి, చూపుడువేలు పైకి పెట్టి చెయ్యెత్తాను. రాడ్ల కట్ట నేల వదిలి లేచింది. అది నా తలకంటే పైకి వెళ్ళాక వాకీటాకీ మళ్ళీ పలికింది.

"ఆ సెయ్యి వణుకుతందేటి బావా?"