దిద్దిన అద్దాలు

ల్యాబులో అందరూ ఆవిడను వెనకాల ‘కుంపటి’ అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

గాలి తీసేసిన గాజుపెట్టెలో లేజర్ కిరణాలను అడ్డంగా, నిలువుగా దాటించి, గుడ్ల అట్టలాంటి కాంతి గుంతలు కట్టడం అక్కడి పని. ఒక్కో గుంతలో ఒక్కో పరమాణువు. దాన్ని పక్క గుంతలోకి జరపాలి. నెమ్మదిగా జరిపితే దాని క్వాంటం స్థితి దానంతటదే వాడిపోతుంది. గబుక్కున తోస్తే చెదిరిపోతుంది. చెదరకుండా, వేగంగా తోసే లేజర్ పల్సును, అంటే కాంతి తోపును, ఆవిడ ఏళ్ల తరబడి చెక్కింది. పరికరం కాస్త అటూ ఇటూ అయినా ఆ పల్సు తట్టుకుంటుందని ల్యాబును నడిపే పెద్దసారు వ్యాసంలో రాసేశాడు. ఆవిడకు ఒళ్లు మండింది అక్కడే. ప్రతి పరీక్షకూ ముందు, బల్ల మీద కిరణాలను మళ్లించే అద్దాలను ఆయనే సరిగ్గా దిద్దేవాడు. ఆ తర్వాత బల్ల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

“ఫొటోకి తల దువ్వుకుంటాం కదమ్మా,” అనేవాడు.

“దువ్విన తల చూపించి, గాలికి చెదరదని రాశారు సార్.”

ఆ పద్ధతితో క్వాంటం కంప్యూటర్ యంత్రం కట్టబోయేవాళ్లు చూడటానికి వచ్చే రోజు పొద్దున భర్త బతిమాలాడు. “ఇవాళొక్క రోజు నోరు కట్టేసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

“నోరేగా. అలాగే.”

స్థితి చెదరని పరమాణువు తెర మీద చుక్కలా వెలుగుతుంది. మొదటిసారి చుక్కలన్నీ వెలిగాయి. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా బల్ల దగ్గరికి నడిచి, అద్దం స్క్రూను వెంట్రుకవాసి తిప్పింది. పెద్దసారు మొహం మాడిపోయింది. పల్సు మళ్లీ నడిచింది.

తెర చాలావరకు చీకటి.

“తృప్తిగా ఉందా? నీ పనిని నువ్వే ముంచావు,” అన్నాడు పెద్దసారు పళ్లు బిగించి.

వచ్చినవాళ్లలో ఒకావిడ నెమ్మదిగా అడిగింది. “మా యంత్రానికి రోజూ అద్దాలు ఎవరు దిద్దుతారండీ?”



సాయంత్రం భర్త తలుపు తీసి, మొహం చూసి తగ్గు గొంతుతో అన్నాడు. “నోరు జారావా?”

“లేదు. ఓడిపోయాను. నా పల్సు తట్టుకుంటుందనే అనుకున్నాను, నేను కూడా.”

“మరి ఇంకా ఆయన మీదే కోపమా?”

“ఆ స్క్రూ ముట్టుకోనిచ్చి ఉంటే మొదట్లోనే ఓడిపోయేదాన్ని. ఈపాటికి సరిచేసి ఉండేదాన్ని. ఇన్నేళ్లూ నా చేత అబద్ధాన్ని చెక్కించాడు.”

మర్నాడు ఆవిడ అందరికంటే ముందు ల్యాబుకు వెళ్లింది. అద్దం స్క్రూను కావాలనే వెంట్రుకవాసి పక్కకు తిప్పి, పల్సును మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది.